పండుగలో తీసిన 19 సెకన్లు: వీధిలో కనబడిన ముఖం అందరిదీ అవుతుందా?

1. నాగావళి_గట్టు (రాయగడ), ఆదివారం రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. నేను రాయగడలోనే పుట్టి పెరిగి, ఇక్కడే పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. ఇన్నాళ్ళూ ఒడిశా తెలుగువారి ఈ వేదికలో ఇతరులు రాసినవి చదివి ఊరుకున్నాను కానీ ఈసారి రాయక తప్పడం లేదు.

మా మేనత్త పూలు అమ్ముతుంది. మొన్నటి అమ్మవారి పండుగలో ఘటాలు మా వీధి మలుపు తిరుగుతుండగా ఆమెకు పూనకం వచ్చింది. ఇది ఆమెకూ కొత్త కాదు, మా వీధికీ కొత్త కాదు. ఇరవై ఏళ్ళుగా ఘటం ఆ మలుపుకు రాగానే ఎవరో ఒకరు ఆమె కొప్పు విప్పుతారు, మరొకరు వేపమండలు చేతికి అందిస్తారు, ఇంకొకరు పసుపునీళ్ళు పోస్తారు, ఆమె నోట వచ్చిన మాట విని దండం పెట్టుకుని వెళ్ళిపోతారు. ఈసారి ఎవరో దానిని 19 సెకన్లు వీడియో తీశారు. మూడో రోజుకల్లా అది ఒక హాస్యపు పాట తగిలించుకుని, ఆమె కళ్ళు తేలవేసిన చోట ఆగిపోయి, ముఖం ఒక్కటే తెరనిండా కనబడేలా తయారై పార్వతీపురంలోని మా బంధువుల ఫోనులకు, అక్కడి నుంచి విశాఖపట్నానికి చేరింది. మా చెల్లెలిని చూసుకోవడానికి వస్తామన్నవారు ఫోను చేసి, "మీ ఇంట్లో ఇలాంటివి ఉన్నాయని ముందే చెప్పవలసింది" అన్నారు. పూలు కొనడానికి వచ్చినవారు కూడా "ఆ వీడియోలో ఉన్నది నువ్వేనా?" అని అడుగుతున్నారు. ఆమె ఇప్పుడు సంతకు పోవడం మానుకుని బుట్టను చెల్లెలి చేత పంపిస్తోంది.

పూనకం వచ్చిందని ఆమె సిగ్గుపడడం లేదు. ఆమె నన్ను అడిగిన మాట వేరు. "అమ్మ నా మీదికి వచ్చినప్పుడు నేను నేను కాను కదే, మరి ఆ ముఖం తీసుకోవచ్చా అని వాళ్ళు ఎవరిని అడగాలి?" దీనికి నా దగ్గర జవాబు లేదు. జరిగింది నడిరోడ్డు మీద, పట్టపగలు, మూడు వందల మంది ఎదుట. అలాంటప్పుడు చట్టంలో గానీ, ధర్మంలో గానీ మాకు అడిగే హక్కు ఏమైనా ఉందా?

2. గుణుపురం_కెమెరా (గుణుపురం), ఆదివారం రాత్రి 10:25

అక్కగారూ, మీ అత్తగారికి జరిగినది చదివి బాధపడ్డాను, ఆ పాట తగిలించినవాడిని నేను సమర్థించను. అయితే వీడియో తీయడమే తప్పు అన్న చోటికి ఈ చర్చ పోకూడదని కోరుతున్నాను, ఎందుకంటే నేను సంతలు, జాతరలు, తిండి వీడియోలు తీసే చానల్ నడుపుతున్నాను. మూడు వందల మంది కళ్ళారా చూసిన దానిని మూడు వేల మంది ఫోనులో చూస్తే అందులో కొత్తగా వచ్చిన తప్పు ఏమిటో నాకు అర్థం కాదు. పనసకాయల గుట్టను తీస్తే దాని వెనుక యాభై ముఖాలు పడతాయి, ఆ యాభై మందినీ అడుగుతూ కూర్చుంటే పొద్దుగుంకి సంత ఎత్తేస్తారు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. మన పండుగలను హైదరాబాదు చానళ్ళు చూపవు, భువనేశ్వరం చానళ్ళూ చూపవు. మనం ఒడిశాలో ఉన్న తెలుగువారం, ఇద్దరి లెక్కలోనూ పక్కింటివారమే. మేము ఫోను పట్టుకోకపోతే మన ఘటాలు, మన యాస ఎక్కడా నమోదు కావు.

3. వకీలు_బరంపురం (బరంపురం), సోమవారం ఉదయం 6:50

కోర్టుకు వెళ్ళే ముందు రాస్తున్నాను, కొంత పొడవైతే మన్నించాలి.

రోడ్డు మీదికి వచ్చినవారు గోప్యతను గడప లోపలే వదిలి వచ్చినట్టు అన్న అభిప్రాయాన్ని మొదట పక్కన పెట్టాలి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమైన ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా ప్రకటించింది. అందులో జస్టిస్ చంద్రచూడ్ రాసిన భాగం, మనిషి బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన గోప్యతను కోల్పోడనీ, అది మనిషి గౌరవంలో భాగం కనుక మనిషినే అంటిపెట్టుకుని ఉంటుందనీ చెప్పింది. కనుక "రోడ్డు కదా" అన్నంత మాత్రాన వాదన ముగిసిపోదు.

అయితే అనుమతి లేకుండా తీసిన ప్రతి వీడియో నేరమేనన్న అభిప్రాయం కూడా అంతే తప్పు. సమాచార సాంకేతిక చట్టం 66ఇ సెక్షను బహిరంగ స్థలానికి కూడా వర్తిస్తుంది, మూడేళ్ళ వరకు జైలు గానీ, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ ఉంటాయి. కానీ అది కాపాడేది శరీరంలోని రహస్య భాగాల చిత్రాలను మాత్రమే, ముఖాన్ని కాదు. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను, స్నానం, దుస్తులు మార్చుకోవడం వంటి ఏకాంత చర్యలో ఉన్న స్త్రీని చాటుగా చూడడానికి, చిత్రించడానికి, ఆ చిత్రాన్ని పంచడానికి సంబంధించినది. మీ మేనత్తగారి 19 సెకన్లు ఈ రెండింటిలోనూ ఇమడవు. 79వ సెక్షనులో "స్త్రీ గోప్యతలోకి చొరబడడం" అన్న మాట ఉంది కానీ, ఆమె మర్యాదకు భంగం కలిగించాలన్న ఉద్దేశాన్ని రుజువు చేయాలి. తీసినవాడి మీద అది నిలవదు. పాట తగిలించి ముఖాన్ని దగ్గరికి లాగినవాడి మీద నిలుస్తుందా అంటే వాదించవచ్చు. పరువునష్టం, అంటే 356వ సెక్షను, అక్కడే కొంత దగ్గరగా వస్తుంది.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మీద చాలామంది ఆశలు పెట్టుకున్నారు. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధానమైన బాధ్యతలు అమలు కావడానికి వాటిలోనే 18 నెలల గడువు పెట్టారు. అయితే ఒక వ్యక్తి తన సొంత లేదా ఇంటి అవసరానికి వాడుకునే డేటాకు ఆ చట్టం వర్తించదని మూడో సెక్షనే చెబుతోంది. ఇంటి గ్రూపులో పెళ్ళి వీడియో పంచుకున్నవారి మీద ఎవరూ ఆ చట్టం ప్రయోగించలేరు. కానీ ప్రకటనల డబ్బు వచ్చే పేజీలో పరాయి మనిషి ముఖాన్ని పెట్టడం "ఇంటి అవసరం" అవుతుందని నేనైతే ఒప్పుకోను. కోర్టులు ఏమంటాయో రానున్న కేసుల్లో తేలాలి.

మన ఒడిశా హైకోర్టు సంగతి కూడా తెలుసుకోదగినది. ఒక స్త్రీ వీడియోలను ఆమెకు ఇష్టం లేకుండా ఫేస్‌బుక్‌లో పెట్టిన కేసులో, 2020 నవంబరు 23న జస్టిస్ ఎస్.కె. పాణిగ్రాహి నిందితుడికి బెయిలు నిరాకరిస్తూ, ఇంటర్నెట్ నుంచి తన జాడను చెరిపివేయమని కోరే హక్కు గురించి, అంటే "మరచిపోబడే హక్కు" గురించి విస్తృతంగా చర్చించారు. నేరస్థుడికి శిక్ష పడినా ఆ చిత్రాలు సర్వరులో అలాగే ఉండిపోతే బాధితురాలికి ఒరిగేదేమిటన్నది ఆయన ఆవేదన. అది లైంగిక నేరం కేసు, మీది అటువంటిది కాదు. అయినా ఆ ప్రశ్న మీకూ వర్తిస్తుంది.

4. పర్లాకిమిడి_మాస్టారు (పర్లాకిమిడి), సోమవారం మధ్యాహ్నం 3:15

వకీలుగారు చట్టం చెప్పారు. కెమెరా బాబు అడిగిన ప్రశ్నను, అంటే మూడు వందల కళ్ళకూ మూడు వేల కళ్ళకూ తేడా ఏమిటన్న దానిని, నేను కొంచెం తీరికగా చూడదలచుకున్నాను. పదవీ విరమణ చేసినవాడికి తీరికే ఆస్తి కదా.

బాబూ, ఆ వీధిలోని మూడు వందల మందికీ ఆమె ఎవరో తెలుసు. ఆమె భర్త ఎప్పుడు పోయాడో, పిల్లలను ఎలా పెంచిందో, నిరుడు అమ్మవారు ఆమె నోట ఏమి పలికిందో తెలుసు. వాళ్ళ చూపుకు వెనుక ఇరవై ఏళ్ళున్నాయి. విశాఖపట్నంలో ఫోను చూస్తున్నవాడికి మాత్రం 19 సెకన్లే ఉన్నాయి. ఊరివాళ్ళు నవ్వినా మర్నాడు ఆమె దగ్గరే పూలు కొంటారు, కాబట్టి ఆ నవ్వుకు ఒక హద్దు ఉంటుంది. ఫోనులో నవ్వినవాడు ఆమెకు ఎన్నడూ ఎదురుపడడు. చాడీలూ పుకార్లూ మన ఊళ్ళలో ఎప్పుడూ ఉన్నవే, నలుగురి నోళ్ళలో నానడం కొత్త కాదు, కానీ నోళ్ళలో నానినది నాలుగు నెలలకు అరిగిపోయేది. ఇది అరగదు.

ఇదంతా ముసలివాడి చాదస్తమనుకోవద్దు. చేతిలో పట్టే కెమెరా వచ్చిన కొత్తలోనే ఈ తగాదా మొదలైంది. 1888లో కొడాక్ కెమెరా బజారులోకి వచ్చింది. 1890లో అమెరికాలో వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు న్యాయవాదులు, క్షణంలో తీసే ఫోటోలూ పత్రికలూ కలిసి మనిషి సొంత బతుకులోకి చొరబడుతున్నాయంటూ హార్వర్డ్ న్యాయపత్రికలో "గోప్యత హక్కు" అనే వ్యాసం రాశారు. జర్మనీలో 1898లో బిస్మార్క్ చనిపోయిన రాత్రి ఇద్దరు ఫోటోగ్రాఫర్లు ఆ గదిలోకి దూరి శవాన్ని ఫోటో తీసి అమ్మజూశారు. ఆ గొడవ వెనుకనే 1907లో అక్కడ ఒక చట్టం వచ్చింది. మనిషి బొమ్మను అతని సమ్మతి లేకుండా ప్రచురించరాదన్నది దాని సారాంశం, అది నేటికీ అమలులో ఉంది.

సంత ఎలా తీయాలన్నావు కదా, ఆ 1907 చట్టంలోనే నీకు జవాబు ఉంది. ఒక దృశ్యాన్ని చూపుతుంటే పక్కన పడిపోయే మనుషులకు సమ్మతి అక్కరలేదని మినహాయించారు. సభలనూ ఊరేగింపులనూ కూడా మినహాయించారు. ఊరేగింపును చూపించడం వేరు, ఊరేగింపులోంచి ఒక మనిషిని ఏరి పట్టి చూపించడం వేరు అన్న వివేకం నూరేళ్ళకు పైగా చట్టంలో ఉంది. నీ పనసకాయల వెనుక యాభై ముఖాలు మొదటి రకం. మన పూలమ్మగారి ముఖం రెండో రకం.

5. గుణుపురం_కెమెరా, సోమవారం సాయంత్రం 6:05

మాస్టారూ, జర్మనీ చట్టం గుణుపురంలో చెల్లదని మీకూ తెలుసు. అయినా ఆ తేడా నాకు నచ్చింది, కాదనను. నా అనుమానం మరొకటి. రేషను దుకాణంలో తూకం తక్కువ వేస్తున్నవాడినీ, చెక్‌పోస్టు దగ్గర లారీవాళ్ళ నుంచి చేతులు చాపి తీసుకుంటున్నవాడినీ నేను తీసి పెడితే, రేపు వాళ్ళు కూడా "నా ముఖం, నా సమ్మతి" అంటారు. అప్పుడు ఈ హక్కు ఎవరికి ఉపయోగపడుతుంది?

6. కొండదారి_విలేకరి (జయపురం), సోమవారం రాత్రి 9:30

ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పాలి, ఎందుకంటే నా కూడు అందులోంచే వస్తుంది.

ఉద్యోగ బాధ్యతలో ఉన్న అధికారి ఆ బాధ్యతను నడిరోడ్డు మీద ఎలా నిర్వర్తిస్తున్నాడన్నది అతని సొంత విషయం కాదు. 1994లో మరణశిక్ష పడిన ఖైదీ ఆటో శంకర్ ఆత్మకథ కేసులో, అంటే రాజగోపాల్ కేసులో, సుప్రీంకోర్టు ప్రజాసేవకులు తమ అధికార విధులకు సంబంధించిన విమర్శ మీద గోప్యత పేరుతో నష్టపరిహారం కోరే వీలును బాగా తగ్గించింది. ప్రచురించినవాడు నిజానిజాలను పట్టించుకోకుండా అబద్ధం రాశాడని రుజువైతేనే వారికి అవకాశం ఉంటుంది. 2022లో బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ ధర్మాసనం, పోలీసు స్టేషను అధికార రహస్యాల చట్టం చెప్పే "నిషిద్ధ ప్రదేశం" కాదనీ, లోపల వీడియో తీశాడని ఆ చట్టం కింద కేసు పెట్టడం చెల్లదనీ తీర్పు ఇచ్చింది. కనుక తూకంలో మోసాన్ని తీయి, తమ్ముడూ. ఆ వీడియోలో వరుసలో నిలబడి బియ్యం తీసుకుంటున్న ముసలమ్మ ముఖాన్ని మాత్రం మసకబార్చు. నువ్వు చూపదలచింది దుకాణదారు చేతిని, ఆమె పేదరికాన్ని కాదు.

ఇక కెమెరా బలం ఎటువైపు ఉంటుందో మా కోరాపుట్‌వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. మాచ్‌ఖండ్ దగ్గరి ఒనుకుడెల్లి గురువారపు సంతకు బోండా తెగ స్త్రీలు కొండ దిగి వచ్చి సరుకు అమ్ముకుంటారు. వాళ్ళ మెడలోని కడియాలూ పూసలూ చూడడానికి, ఫోటో తీసుకోవడానికి బయటి ఊళ్ళ నుంచి జీపులు వస్తుండేవి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ సంతకు వెళ్ళినప్పుడు, ఒక పర్యాటకుడు నోటు చేతిలో పెట్టి ఒక ముసలామెను ఎండవైపు తిప్పి నిలబెట్టాడు. ఆమె నోటు తీసుకుంది కాబట్టి సమ్మతి ఇచ్చినట్టేనని అతను అన్నాడు. ఆమె ఆ ఫోటోను ఎప్పటికీ చూడదు, అది ఎక్కడ అచ్చవుతుందో తెలియదు, దాని కింద ఏమి రాస్తారో అంతకన్నా తెలియదు. అలాంటి సమ్మతికి విలువ ఎంత? 2012లో అండమానులో జరవా తెగవారిని తీసిన వీడియోల మీద పెద్ద గొడవ జరిగిన తరువాత, ఒడిశా ప్రభుత్వం కూడా ఇక్కడి అత్యంత దుర్బల గిరిజన తెగల గ్రామాలకు పర్యాటకులు వెళ్ళడం మీద, వారిని చిత్రించడం మీద ఆంక్షలు విధించింది. అటువంటి తెగలు మన రాష్ట్రంలో 13 ఉన్నాయి. ఇప్పుడు జీపులు తగ్గాయి కానీ రీలులు పెరిగాయి.

మన తెలుగువాళ్ళం కూడా ఇందులో నిర్దోషులం కాము. చాటికోన బుధవారపు సంతలో డంగ్రియా కొంధు తెగవారి వీడియో తీసి "అడవి మనుషుల సంత" అని తెలుగులో శీర్షిక పెట్టినవాళ్ళు మనలోనే ఉన్నారు. మన మేనత్తను చూసి విశాఖవాళ్ళు నవ్వితే మనకు మండింది కదా!

7. సముద్రపు_గాలి (ఛత్రపురం), సోమవారం రాత్రి 11:10

పెద్దలందరూ బాగా రాశారు. నేను రెండు మాటలే రాస్తాను.

గోపాలపూర్ తీరానికి మేము కార్తీక పౌర్ణమికి స్నానానికి వెళతాం. తడిసిన చీరతో ఒడ్డుకు వస్తున్నప్పుడు ఎదురుగా పది ఫోనులు నిలువుగా పట్టుకుని ఉంటాయి. అడిగితే "సముద్రం తీస్తున్నాం" అంటారు. వకీలుగారూ, తడిచీర మీ 66ఇ సెక్షనులోకి వస్తుందా? సముద్రాన్ని తీసేవాడు ఫోనును నా నడకతో పాటు ఎందుకు తిప్పుతున్నాడో ఏ సెక్షను అడుగుతుంది?

మా అమ్మ తరంలో ఆడవాళ్ళు చుట్టూ చీరలు అడ్డం పట్టేవారు. మేమూ మళ్ళీ అదే చేస్తున్నాం, ఇప్పుడు మాత్రం రెండు చీరలు ఎక్కువ పట్టుకెళుతున్నాం.

8. వకీలు_బరంపురం, మంగళవారం ఉదయం 7:05

అమ్మా, నిజాయితీగా చెబుతున్నాను. 66ఇ రాసినవారు లోదుస్తులతో కప్పిన భాగాలను కూడా చేర్చారు కానీ ఒంటికి అంటుకున్న తడిచీరను ఊహించలేదు. న్యాయ సంహిత 79 కింద, వెంటాడి వెంటాడి తీసినట్టయితే 78 కింద ఫిర్యాదు చేయవచ్చు, కానీ స్టేషనులో ఆ ఫిర్యాదును రాసుకునే మనిషికి మొదట అది నేరమని అనిపించాలి.

నాగావళి గారికి ఆచరణలో ఉపయోగపడే మాటలు చెబుతాను. వీడియో ఉన్న ప్రతి చోటా లింకును, పేజీ పేరును, తేదీని కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. దానిని తొలగించమని అడగడానికి ముందే ఈ పని చేయాలి, తొలగించాక మీ దగ్గర ఏమీ మిగలదు. కోర్టుకు వెళితే కొత్త సాక్ష్య చట్టం, అంటే సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ధ్రువపత్రం కావాలి, కనుక ఏ ఫోనులో దాచారో ఆ ఫోనును మార్చవద్దు. తరువాత ఆ వీడియో ఉన్న సామాజిక మాధ్యమానికి చెందిన ఫిర్యాదుల అధికారికి రాయండి. 2021 నాటి ఐటీ నియమాల ప్రకారం అటువంటి అధికారి ఉండి తీరాలి, ఆయన జవాబుతో తృప్తి లేకపోతే అప్పీలు కమిటీ ఉంది.

వీడియో రాయగడలో తీసి, పాటను పార్వతీపురంలో తగిలించి ఉంటే, ఏ స్టేషనుకు వెళ్ళాలన్నది మన సరిహద్దువాళ్ళకు ఎప్పుడూ ఉన్న తలనొప్పి. ఇక్కడివాళ్ళు అక్కడికి పొమ్మంటారు, అక్కడివాళ్ళు ఇక్కడికి పొమ్మంటారు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా సమాచారం నమోదు చేసి, తరువాత సంబంధిత స్టేషనుకు పంపాలి. దీనినే జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నారు. ఫిర్యాదును ఒడియాలో రాయించుకుని, తెలుగు వీడియో మీద ఉన్న వ్యాఖ్యలకు ఒడియా అనువాదం జతచేయండి. లేకపోతే అక్కడి ఉద్యోగికి అందులో అవమానం ఎక్కడుందో అర్థం కాదు. ఇది అనుభవంతో చెబుతున్న మాట.

ఒక చిన్న విడ్డూరం కూడా చెబుతాను. కాపీరైటు చట్టంలో "ప్రదర్శకుడు" అన్న నిర్వచనంలో నటుడు, గాయకుడు, నర్తకుడితో పాటు గారడీవాడు, పాములవాడు కూడా ఉన్నారు. వారి ప్రదర్శనను వారి సమ్మతి లేకుండా రికార్డు చేయడం వారి హక్కుకు భంగం, సొంతానికి చూసుకోవడం, వార్తగా చూపడం వంటివి మినహాయింపులు. అంటే మా బరంపురం అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో మొక్కుకుని వేషం కట్టి ఆడినవాడికి తన ఆట మీద హక్కుందని వాదించవచ్చు. అదే యాత్రలో పూనకం వచ్చిన స్త్రీకి ఆ హక్కు లేదు, ఎందుకంటే ఆమె ప్రదర్శించడం లేదు. చట్టం దృష్టిలో ఆమె కన్నా పాములవాడికి రక్షణ ఎక్కువ.

9. పర్లాకిమిడి_మాస్టారు, మంగళవారం ఉదయం 11:20

ఇది చదివాక కెనడాలోని ఒక కేసు గుర్తుకు వచ్చింది. మాంట్రియల్‌లో ఒక భవనం మెట్ల మీద కూర్చున్న 17 ఏళ్ళ అమ్మాయిని ఒక ఫోటోగ్రాఫరు తీశాడు. 1988లో అది ఒక కళా పత్రికలో అచ్చయింది. ఆ సంచిక అమ్ముడైనది 722 ప్రతులు. ఫోటోలో అసభ్యత లేదు, అబద్ధం లేదు, నిజానికి చక్కని ఫోటో. తోటివారు తనను చూసి నవ్వారన్నదే ఆమె ఫిర్యాదు. పదేళ్ళ తరువాత 1998లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పి 2,000 డాలర్ల పరిహారాన్ని ఖరారు చేసింది. క్విబెక్ రాష్ట్ర హక్కుల పత్రం ఆధారంగా ఇచ్చిన తీర్పు కనుక మనకు వర్తించదు, బాబు మళ్ళీ గుణుపురం గుర్తుచేయనక్కరలేదు. కానీ 722 ప్రతులకే అక్కడి న్యాయమూర్తులు ఆమె బాధను బాధగా గుర్తించారు.

10. నాగావళి_గట్టు, గురువారం రాత్రి 8:15

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. ఈ మూడు రోజుల్లో కొన్ని సంగతులు తెలిశాయి.

వీడియో తీసినది అపరిచితుడు కాదు. మా పక్కసందు కుర్రవాడే, మా అత్తను "అత్తా" అనే పిలుస్తాడు. భక్తితోనే తీసి, దుబాయిలో ఉన్న అన్నకు చూపించడానికి ఇంటి గ్రూపులో పెట్టాడు. ఆ గ్రూపులోని ఒక బంధువు దానిని మరొక గ్రూపులో వేశాడు. మూడో చేతికో నాలుగో చేతికో అది ఒక నవ్వుల పేజీకి చేరింది. పాట అక్కడే పడింది. కనుక నేను ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియని స్థితిలో ఉన్నాను. కుర్రవాడు వచ్చి అత్త కాళ్ళ మీద పడ్డాడు. అత్త వాడిని తిట్టలేదు, "నువ్వు తీసినప్పుడు నేను దండం పెట్టించుకునే మనిషినిరా, వాళ్ళ చేతికి పోయేసరికి కోతినయ్యాను" అంది.

వకీలుగారు చెప్పినట్టే స్క్రీన్‌షాట్లు తీసుకుని ఫిర్యాదు పంపాను. ఆ పేజీవారు వీడియోను తీసేశారు. అయితే అప్పటికే దానిని తీసుకుని తమ పేజీల్లో పెట్టుకున్నవి నాకు కనబడినంతలోనే పదకొండు ఉన్నాయి, వాటిలో నాలుగు పోయాయి. ఒకరు మాత్రం "పబ్లిక్ ప్లేస్" అని రెండే మాటలు జవాబుగా రాశారు. స్టేషనుకు వెళదామంటే అత్త ఒప్పుకోలేదు. అక్కడ మళ్ళీ ఆ వీడియోను నలుగురి ఎదుట వేసి చూపించాలి కదా అంది. దానికి నేను ఎదురు చెప్పలేకపోయాను.

11. గుణుపురం_కెమెరా, గురువారం రాత్రి 9:00

అక్కగారూ, ఇది చదివాక నా పాత వీడియోలన్నీ ఒకసారి తిరగేశాను. పూనకాల వీడియోలు మూడు ఉన్నాయి. వాటికే చూపులు ఎక్కువ వచ్చాయి, దాచడం ఎందుకు. ఒకదాని కింద నవ్వులబొమ్మలే నిండి ఉన్నాయి, నేను వాటిని ఇంతకాలం ఆదరణ అనుకున్నాను. మూడూ తీసేశాను. ఆ స్త్రీలు ఎవరో, ఎక్కడివారో నాకు తెలియదు, కాబట్టి క్షమాపణ చెప్పడానికి కూడా వీలులేదు.

అయితే పండుగను తీయడం మానను. ఎక్కడి వరకు తీయవచ్చో మీ పండుగ కమిటీవారే చెబితే మాలాంటివాళ్ళకు మేలు.

12. డోలు_సన్నాయి (రాయగడ), గురువారం రాత్రి 10:45

అయ్యలారా, నేను మేళం వాయించేవాడిని. మమ్మల్ని మాత్రం తీయండి. నిరుడు ఎవరో పెట్టిన వీడియో చూసి పలాస నుంచి, బొబ్బిలి నుంచి పెళ్ళిళ్ళకు పిలిచారు. వకీలుగారు మాకు హక్కు ఉందన్నారు, సంతోషం, ఆ హక్కుతోనే చెబుతున్నాను, తీయండి. కింద మా మేళం పేరు కూడా రాయండి, అది చాలామంది రాయరు.

13. నాగావళి_గట్టు, ఆదివారం సాయంత్రం 5:30

కమిటీ సమావేశానికి నేనూ అత్తా వెళ్ళాం. ఈ చర్చలోని మాటలు కొన్ని చదివి వినిపించాను. ఫోనులు పూర్తిగా ఆపాలని కొందరు పెద్దలు అన్నారు, అది కుదరదని కుర్రవాళ్ళు అన్నారు. చివరికి కుదిరినది ఇది. ఊరేగింపులో మేళం ముందు నడుస్తుంది, వేషాలవారు దాని వెంట ఉంటారు, అక్కడి వరకు ఎవరైనా తీయవచ్చు. వేషాలవారినీ మేళంవారినీ కమిటీ ముందే అడిగి వారి సమ్మతి రాసుకుంటుంది. ఆ తరువాత ఘటాలకు ముందూ వెనుకా తాళ్ళు పట్టుకుంటారు. తాడు లోపల ఫోను ఎత్తకూడదని తెలుగులో, ఒడియాలో మైకులో చెబుతుంటారు. తాడు పట్టుకునే పని పక్కసందు కుర్రవాడు తనకే కావాలని అడిగి తీసుకున్నాడు.

అత్త ఒకటే అడిగింది. తాడు తమ మలుపు దగ్గర రెండు బారలు ఎక్కువ వదులుగా ఉండాలట, అమ్మ వచ్చినప్పుడు తాను ఎటు తిరుగుతుందో తనకే తెలియదు కనుక.

14. గుణుపురం_కెమెరా, ఆదివారం సాయంత్రం 6:10

మేడమీద నుంచి తీస్తే తాడు లెక్కలోకి వస్తుందా, రాదా? ఇప్పుడే అడుగుతున్నాను, ఆ రోజు గొడవ పడడం కన్నా మంచిది కదా.

15. నాగావళి_గట్టు, ఆదివారం సాయంత్రం 6:25

మేడలున్నది మూడు ఇళ్ళకే. ఆ ముగ్గురినీ రేపు అడిగి చెబుతాను.